పేరుకు కమ్మలు

ఇక వెతకడం ఆపెయ్యమని నాకు చెప్పడానికి ఒకామె జగిత్యాలలో బయలుదేరి, వేములవాడలో బస్సు మారి, సిరిసిల్ల దాకా వచ్చింది. నేను వెతకడం మానేసి అప్పటికి నాలుగేళ్లు దాటింది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

ఎండవేళ. దుకాణంలో ఎవరూ లేరు. కరెంటు బిల్లులు, పింఛన్ల దరఖాస్తులు, జిరాక్సులు, ఇదే ఇప్పుడు నా పని. బురఖా వేసుకున్న ఒకామె మెట్లెక్కి వచ్చి, "గుర్తుపట్టిన్రా అన్నా?" అంది. పట్టలేదు. "కోరుట్లల మీ నెట్టు సెంటరుకు మా అమ్మ అచ్చేది. బీడీల చాట పట్టుకొని" అనగానే లేచి నిలబడ్డాను.

"అమ్మ పోయింది అన్నా. ఇరవై రోజులైతంది. మీకు ఫోన్ల చెప్పబుద్ధి కాలె, అందుకే అచ్చిన. ఇగ మీరు ఎతుకుడు బంద్ చెయ్యున్రి. మా కోసం చానా ఏండ్లు కష్టపడ్డరు."

కూర్చోమని కుర్చీ జరిపాను. మంచినీళ్లు తెచ్చిచ్చాను. ఆమె తాగుతుంటే ఆమె చేతులకేసి చూస్తూ ఉండిపోయాను. అవి వాళ్ల అమ్మ చేతులే.

ఆ అమ్మను నేను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాణ్ని. కోరుట్ల బస్టాండు వెనక సందులో నాకు నాలుగు కంప్యూటర్ల నెట్ సెంటరు ఉండేది. మధ్య మధ్య ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి నాలుగు అరలు చేశాను. ఆపా మొదటిసారి వచ్చినప్పుడు ఆ అరల్లోకి తొంగిచూసి, "గిండ్ల మనుషుల్ని ఎతుకుతరట గదా" అని అడిగింది. ఎవరు చెప్పారంటే బీడీ కార్ఖానాలో ఎవరో అన్నారంది. ఎవరిని వెతకాలంటే తమ్ముణ్ని అంది.

తల్లి చనిపోతే ఆపానే తమ్ముణ్ని సాకింది. సౌదీ పోయిన రెండో ఏడు అతని నుంచి ఫోన్లు ఆగిపోయాయి. మొదట చేరిన యజమాని దగ్గర నుంచి కాగితాలు లేకుండా పారిపోయాడని, గల్ఫ్ మాటలో కల్లివెల్లి అయిపోయాడని, అక్కడి నుంచి తిరిగొచ్చినవాళ్లు చెప్పారు. ఆ తరువాత ఎవరికీ ఏమీ తెలియదు. ఆపా నా దగ్గరికి వచ్చేనాటికి అది జరిగి పదేళ్లు. "ఉన్నడా లేడా, గంతే బేటా. ఇంకేం అడుగ" అంది.

ప్రతి శుక్రవారం నమాజు వేళ దాటాక వచ్చేది. తిరిగే కుర్చీలో కూర్చునేది కాదు. తల తిప్పుతుందని, పక్కనున్న ఇనుప స్టూలు మీదే కూర్చునేది. ఒళ్లో చాట. అందులో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం ఉండలు. నేను టైపు చేస్తుంటే ఆమె చేతులు ఆగేవి కావు. ఆకు చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం, అన్నీ చూడకుండానే చేసేది. కళ్లు మాత్రం స్క్రీను మీద. ఏదైనా చూపించాలంటే చేతిలో ఉన్న కత్తెర మొనతో చూపించేది. గీత పడుతుందేమోనని నాకు భయం. "ఆపా, కత్తెర" అనేవాణ్ని. "గీకనులే" అనేది. ఎప్పుడూ గీకలేదు కూడా.

అప్పట్లో నేను జగిత్యాలలో ఆర్నెల్లు కంప్యూటర్ కోర్సు చేసి కొత్తగా వచ్చినవాణ్ని. ఇంటర్నెట్‌లో ఎలా వెతకాలో ఒక సారు మాకు శ్రద్ధగా నేర్పాడు. ఆ విద్య నా దగ్గర ఉందిగానీ అడిగేవాళ్లు లేరు. వచ్చినవాళ్లు ఒక మాట కొట్టి, మొదట కనబడినదాన్ని నొక్కి, లేచి పోయేవాళ్లు. నేను నేర్చుకున్నదంతా కూర్చుని చూసింది ఆపా ఒక్కతే.

మొదటిరోజు తమ్ముడి పేరు కొడితే పైన లక్షల్లో లెక్క వచ్చింది. అప్పట్లో ఎన్ని దొరికాయో పైనే కనబడేది. "గీ లెక్కేంది?" అంది. ఇన్ని పేజీల్లో ఆ పేరులోని మాటలున్నాయి ఆపా అన్నాను. పేరుకు అటూ ఇటూ జంట కొటేషన్లు పెట్టి మళ్లీ కొట్టాను. అలా పెడితే ఆ మాటలు అదే వరుసలో పక్కపక్కన ఉన్నవే వస్తాయని చెప్పాను. లెక్క కొన్ని వందలకు దిగింది. ఆపా చాట పక్కన పెట్టి ముందుకు వంగింది. పేరుకు రెండు పక్కలా వేలాడుతున్న ఆ గుర్తులను చూసి, "పేరుకు కమ్మలు పెట్టినవా" అంది. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా వాటి పేరు కమ్మలే.

ఆ వందల్లో కూడా సగం ఒక క్రికెట్ ఆటగాడివి. అతనిదీ అదే పేరు. ఆటకు సంబంధించిన మాట ముందు మైనస్ గీత పెడితే ఆ పేజీలన్నీ పోతాయి. అది కూడా ఆపాకు బాగా నచ్చింది. వచ్చి కూర్చోగానే, "ముందుగాల గా ఆటగాన్ని పక్కకు జరుపు" అనేది. ఏళ్లు గడిచేకొద్దీ అతను పెద్ద ఆటగాడయ్యాడు. ఆపాకు అతనంటే మంట. టీవీలో కనబడితే ఆపేస్తుందని ఆమె కూతురు ఒకసారి నవ్వుతూ చెప్పింది.

పేరు రాయడంలో ఎన్ని రకాలున్నాయో అన్నీ ప్రయత్నించాం. ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువ, ఒకటి తక్కువ. పాస్‌పోర్టు జిరాక్సు మీద ఉన్నది ఒకటి, బడి కాగితంలో ఉన్నది ఒకటి. "గా ఏజెంటు ఒక్క అక్షరం ఎక్కువ రాపిచ్చిండు. గా అక్షరం కాడనే నా తమ్ముడు తప్పిపోయిండు" అనేది. ఏ పేరూ నేను మొదటి పేజీతో వదలడానికి వీల్లేదు. "అడుగుకు పో" అనేది. "పైనున్నయి అందరికి దొరుకుతయి బేటా. మనోడు పైన ఎందుకుంటడు? అడుగుల ఉంటడు." నేను పదో పేజీ దాకా పోయేవాణ్ని. ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు లోపల అని తేదీలు కట్టి వెతికేవాణ్ని. అతను పోయిన ఏడు ఆమెకు నోటికి వచ్చు.

ఫొటో పెట్టి అలాంటి ఫొటోలను వెతకొచ్చని నేను కనిపెట్టిన శుక్రవారం ఇద్దరం ఎంత సంబరపడ్డామో. పాస్‌పోర్టు ఫొటో స్కాన్ చేసి పెడితే మీసాలున్న మగవాళ్లు వరసగా వచ్చారు. ఏ ఒక్కరూ అతను కాదు. ఆపా మాత్రం ఒక్కొక్కరినీ నిదానంగా చూసింది. ఒక ముఖం దగ్గర ఆగి, "పాపం, గీయన ఎవల తమ్ముడో" అంది.

ఒకసారి మహారాష్ట్ర వైపు ఒక కుర్రవాడి పేజీ దొరికింది. పేరు అచ్చం అదే. వయసు చూస్తే అతను కాదని తెలిసిపోతోంది. మూసేయబోతే ఆపా ఆపింది. "నా తమ్ముడు గాకపోతే ఏమాయె. గీ పేరుతోటి ఇంకొకడున్నడు గదా. సల్లగుండు బిడ్డా అని రాయి" అంది. రాశాను. అతను జవాబుగా రెండు చేతులు జోడించిన బొమ్మ పంపాడు. ఆ బొమ్మను ప్రింట్ తీసి ఇమ్మంది. తీసిచ్చాను.

ఇలా ఏడెనిమిదేళ్లు. ఆపా మంచి మనిషని నేను చెప్పడం లేదు. మొండి మనిషి. తనకంటే ముందు వచ్చినవాళ్లను కూడా, "నీదేముంది, సినిమాలు సూసుడే గదా" అని లేపేసేది. నా కీబోర్డులన్నిటికీ తంబాకు వాసన పట్టించింది. అయినా శుక్రవారం రెండు దాటి పది నిమిషాలైతే నేను సందు వైపు చూసేవాణ్ని.

తరువాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. నాలుగు కంప్యూటర్లలో మూడు అమ్మేశాను. ఎవరికీ వెతకడానికి నాతో పని లేదు. ఫోను నోటి దగ్గర పెట్టి అడుగుతారు, అది ఒక జవాబు చెబుతుంది, అక్కడితో అయిపోతుంది. నిజం చెప్పాలంటే నేనూ అంతే అయ్యాను. రెండో పేజీ చూసి ఎన్నేళ్లయిందో నాకే తెలియదు. ఆపా కూతురు కూడా ఫోనులో మేనమామ పేరు పలికి అడిగిందట. "గా ఫోన్ల మాట్లాడే ఆడామె మళ్ల గా ఆటగాన్నే చెప్తది. ఆమెకు కమ్మలు పెట్టుడు రాదు" అని ఆపా నాకు ఫిర్యాదు చేసింది.

ఆ రోజుల్లోనే అది జరిగింది. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు. శుక్రవారమని నాకు గుర్తు లేదు. మిగిలిన ఒక్క కంప్యూటరు చుట్టూ మెమో ప్రింట్ల కోసం పిల్లలు, వాళ్ల తండ్రులు. ఆ గుంపులోంచి ఆపా చాట పైకెత్తి పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. చేతిలో ఒక చీటీ. దాని మీద ఉర్దూలో పెద్ద పెద్ద అక్షరాలు. చిన్నప్పుడు ఖురాన్ చదవడానికి నేర్చుకున్న అక్షరాలు అవి. ఆమెకు వచ్చిన రాత అదొక్కటే.

"బేటా, నాకు రాత్రి ఒక్కటి తోచింది. గన్నేండ్లు మనం ఇంగ్లీషుల ఎతికినం. గది మనం రాసిన పేరు గాదు, గా ఏజెంటు రాసింది. ఆడ సౌదీల అందరు అరబ్బీల రాస్తరు. ఉర్దూల, అరబ్బీల మా తమ్ముని పేరు ఒక్కతీర్గనే ఉంటది. గిది అసలు పేరు. గవన్ని కాపీలు. గిది కొట్టు."

వెతికే గడి చివర చిన్న కీబోర్డు బొమ్మ ఒకటి ఉండేది. దాన్ని నొక్కితే స్క్రీను మీదే అరబ్బీ అక్షరాల కీబోర్డు వస్తుందని నాకు తెలుసు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ నొక్కాలి. నాకు ఆ అక్షరాలు రావు. ఆపా చెబుతుంటే నొక్కాలంటే పావుగంట పడుతుంది. వెనక ఎవరో, "అన్నా, మాది జెర జల్ది" అంటున్నారు.

"మన కంప్యూటర్ల ఉర్దూ రాదు ఆపా" అన్నాను.

ఆపా స్క్రీను చూసింది. కత్తెర మొన ఆ బొమ్మ దగ్గర పెట్టింది. "మరి గీ చిన్న పెట్టె ఏంది?"

"గది ఉత్తదే. పనిచెయ్యది."

"అట్లనా" అని చీటీ మడిచి చాట కింద పెట్టుకుంది. నా మాటను అనుమానించలేదు. తర్వాతి వారం చేద్దామని నేను అనుకున్నాను. తర్వాతి వారం ఆపా మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రాదన్నాక మళ్లీ అడిగి నన్ను ఇబ్బంది పెట్టడమెందుకని అనుకుని ఉంటుంది. అడగలేదు గనక నేనూ చెయ్యలేదు.

ఆ ఏడే అల్లుడికి జగిత్యాలలో పని దొరికితే ఆపా కూతురితో పాటు వెళ్లిపోయింది. నేను మా అత్తగారి ఊరు సిరిసిల్లకు దుకాణం మార్చుకున్నాను. వెళ్లేముందు ఆపా నా నంబరు కూతురి ఫోనులో పెట్టించుకుంది. శుక్రవారం నమాజు వేళ దాటాక ఫోన్ వచ్చేది.

"ఎతికినవా బేటా?"

మొదటి శుక్రవారం దుకాణానికి రంగులు వేయిస్తున్నాను. కంప్యూటరు ఇంకా బిగించలేదు. ఆ మాట చెప్పడం కంటే ఇంకోటి సులువనిపించింది.

"ఎతికిన ఆపా. ఏం రాలె."

"సరే బేటా. అచ్చే జుమ్మాకు సూద్దాం."

అంత సులువుగా ఉంటుందని నేననుకోలేదు. రెండో వారం కంప్యూటరు ఉంది, తీరిక కూడా ఉంది. అయినా ఫోన్ వచ్చేదాకా కూర్చుని, వచ్చాక అదే మాట చెప్పాను. తరువాత తరువాత అబద్ధానికి నగిషీలు కూడా పెట్టడం నేర్చుకున్నాను.

"కమ్మలు పెట్టినవా?"

"పెట్టిన ఆపా."

"గా ఆటగాన్ని తీసినవా?"

"తీసిన. ఏడో పేజీ దాంక పోయిన."

"ఏడేనా? నువ్వు పదింటిదాంక పోయేటోనివి గదా."

"ఇయ్యాల నెట్టు స్లోగున్నది ఆపా."

"పాపం, నీకు గూడ పనులుంటయి తియ్యి."

నాకు నేను చెప్పుకున్న సమాధానాలు చాలా ఉన్నాయి. ఇన్నేళ్లు దొరకనివాడు ఇప్పుడేం దొరుకుతాడు. ఉంటే తనే ఫోన్ చెయ్యడా. లేడని తెలిసినా ఆమెకు ఒరిగేదేముంది. వెతుకుతున్నానని నమ్మితే ఆమెకు వారానికి ఒకసారి ఊరట, దాన్ని నేనెందుకు చెడగొట్టాలి. ఇవన్నీ ఫోన్ పెట్టేశాక అనుకునేవాణ్ని. వారానికి పావుగంట పని. అది చెయ్యకపోవడానికి ఇన్ని కారణాలు వెతికాను.

పోయిన చలికాలం నుంచి ఫోన్లు తగ్గాయి. ఊపిరితిత్తులు చెడిపోయాయని కూతురు ఒకసారి చెప్పింది. వెళ్లి చూసి రావాలనుకున్నాను. ముఖం చూపించలేక వెళ్లలేదు.

ఇప్పుడు ఆ కూతురు నా ఎదురుగా కూర్చుని సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. "అమ్మయితె గీ కవరు మీకు ఇయ్యమన్నది. ఎతికేటోల్ల కాడనే ఉండాలె అన్నది. నేనే అంటున్న, ఇగ ఇడిసిపెట్టున్రి" అంటూ బల్ల మీద పెట్టింది. పాస్‌పోర్టు జిరాక్సు. బడి కాగితం. చేతులు జోడించిన బొమ్మ ప్రింటు. వాటి మధ్య ఆ ఉర్దూ చీటీ, మడత దగ్గర చిరిగి.

చీటీ విప్పాను.

"చెల్లె, నీకు గీ అక్షరాలు అస్తయా?"

"ఖురాన్ సదువుత గదా అన్నా. ఎందుకు?"

"ఒక్కొక్కటి చెప్పు."

గడి చివరి బొమ్మ నొక్కి, అరబ్బీ ఎంచుకున్నాను. స్క్రీను మీద అక్షరాలు పరుచుకున్నాయి. ఆమె లేచి నా పక్కకు వచ్చి, స్క్రీను మీద వేలు పెట్టి, "గిది మీమ్. గిది హే" అని ఒక్కొక్కటే చూపించింది. కుడి నుంచి ఎడమకు పేరు ఏర్పడింది. తండ్రి పేరు కూడా చేర్చాం. రెండు వైపులా కొటేషన్లు పెట్టాను. పావుగంట అనుకున్నది ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

పైన వచ్చినవి ఇంకెవరివో. రెండో పేజీకి వెళ్లాను. మూడో పేజీలో ఒక చిన్న ఊరి వార్తల పేజీ ఉంది. తెరిచి తెలుగులోకి మార్చమని నొక్కాను. వచ్చిన తెలుగు వంకరటింకరగా ఉంది. ఊరి బేకరీలో ఇరవై ఏళ్లుగా పొయ్యి ముందు నిలబడి రొట్టెలు కాలుస్తున్న ఒక భారతీయుడి గురించి. ఊళ్లో పిల్లలందరూ ఆయన్ను చాచా అంటారట. ఆయన సొంతూరి పేరు కూడా రాశారు. అరబ్బీలోకి పోయి మళ్లీ తెలుగులోకి వచ్చేసరికి అది 'కురుత్లా' అయింది.

ఫొటో కూడా ఉంది. నెరిసిన గడ్డం, చేతిలో పొడుగాటి కర్రకు తగిలించిన రొట్టెల చెక్క. నవ్వుతున్నాడు. ముందు పండ్ల మధ్య సందు.

ఆమె కుర్చీ పట్టుకుని నిలబడింది. "అమ్మ పండ్లు" అంది.

వార్త కింద తేదీ చూశాను. రెండేళ్ల కిందటిది. ఆ రెండేళ్లలో దాదాపు ప్రతి శుక్రవారం ఆపా నాకు ఫోన్ చేసింది. ప్రతి శుక్రవారం నేను ఏడో పేజీ దాకా పోయానని చెప్పాను. అతను మూడో పేజీలోనే ఉన్నాడు.

వార్తలో బేకరీ పేరుంది. మ్యాపులో వెతికితే నంబరు దొరికింది. చేస్తే ఎవరో హిందీలో మాట్లాడారు. చాచా ఇప్పుడే రొట్టెలు దింపి పడుకోవడానికి వెళ్లాడని, గంట తర్వాత చెయ్యమని చెప్పారు.

ఆ గంట ఎలా గడిచిందో రాయడం కష్టం. మొదట ఆమె ఏడ్చింది, నవ్వింది, భర్తకు ఫోన్ చేసింది. తరువాత నెమ్మదించి, స్క్రీను మీద ఇంకా తెరిచి ఉన్న ఆ కీబోర్డును చూసింది.

"గిది కొత్తగ అచ్చిందా అన్నా?"

అవుననడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం నా చేతిలోనే ఉంది.

"లేదు చెల్లె. ముందు నుంచే ఉన్నది."

"మరి అమ్మ చీటీ తెస్తె రాదన్నరట."

"గిరాకీ ఉండె. రాదని అబద్ధం చెప్పిన."

"తర్వాత గూడ ఎతకలేదా? గీ ఉర్దూల?"

"ఉర్దూల కాదు, ఇంగ్లీషుల గూడ ఎతకలే. మీరు జగిత్యాలకు పోయినకాన్నుంచి ఒక్కనాడు ఎతకలే. ఫోన్ల చెప్పినయి అన్ని ఉత్తయే."

ఆమె రోడ్డు మీద పోతున్న ఆటోలను చూస్తూ కూర్చుంది. వెళ్లిపోతుందనుకున్నాను. గంట కాలేదు గనక, నంబరు నా దగ్గర ఉంది గనక ఆగింది. చివరికి నా వైపు తిరక్కుండానే అంది, "మా అమ్మ దువాల నా పిల్లల పేర్లు చెప్పేది. గా తర్వాత నీ పేరు చెప్పేది. ఊపిరాడకపోయినా చెప్పేది." అంతకుముందు దాకా ఆమె నన్ను మీరు అంది.

గంటకు ఫోన్ చేశాను. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాను. పొయ్యి హోరు వినబడుతోంది.

"మామూ, నేను నీ ఆపా బిడ్డను. కోరుట్ల."

అటు నుంచి తెలుగును తవ్వి తీస్తున్నట్టు ఒక్కొక్క మాటా వచ్చింది. "ఆపా బిడ్డవా? నువ్వు... గింతగనం ఉండె. గౌను ఏసుకొని." ఇంకా కొంచెం ఆగి, "ఆపాకు ఇయ్యి బేటీ. ఆపా తిడ్తదేమో. తిట్టనియ్యి. ఇయ్యి" అన్నాడు.

ఆమె చెప్పింది. ఎలా చెప్పిందో నేను రాయను.

పొయ్యి హోరు అలాగే ఉంది. ఎవరో ఆయన్ను పిలుస్తున్నారు. "ఎప్పుడు?" అన్నాడు.

"ఇరవై రోజులైతంది మామూ."

"ఇరవై రోజులా" అన్నాడు. "ఇరవై రోజులా" అని మళ్లీ అన్నాడు. తరువాత తన సంగతి తానే చెప్పుకున్నాడు. పారిపోయిన కొత్తలో భయానికి ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. పైసలు పంపలేనివాడు ఏ ముఖంతో మాట్లాడాలనుకున్నాడు. కాగితాలు సరయ్యాక పక్కింటివాళ్ల పాత నంబరుకు చేస్తే అది లేదన్నది. రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. ఇక ఊళ్లో తనవాళ్లెవరూ లేరనుకుని రావడం మానుకున్నాడు. ఒక మలయాళీ కుర్రవాడితో అక్క పేరు ఇంటర్నెట్‌లో వెతికించాడు కూడా. "ఆపా పేరు ఏడ దొరకలె బేటీ" అన్నాడు. బీడీలు చుట్టే మనిషి పేరు ఎవరు రాసి పెడతారు.

"నేను సచ్చిన్ననుకున్నదా?"

"లే మామూ. ఉన్నవనే అన్నది. ఆఖరిదాంక ఎతికిచ్చింది."

"ఎవలతోటి?"

ఆమె నా వైపు చూసింది. మూడు నాలుగు ఊపిరులంత సేపు చూసింది. "గీ అన్నతోటి. గీయననే నిన్ను ఎతికి పట్టిండు" అని ఫోను నా ముందుకు జరిపింది.

"భయ్యా, గిన్నేండ్లు నా కోసం ఎతికినవా" అన్నాడు ఆయన. "సొంతోల్లు గూడ గట్ల ఎతకరు. అల్లా నిన్ను సల్లగ సూడాలె. నీ పిల్లల్ని సల్లగ సూడాలె."

"భయ్యా, నేను..." అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నేను ఆగిపోయాను. ఆయన దీవెనలు ఇస్తూనే ఉన్నాడు.

ఫోన్ పెట్టేశాక, ఆయనకు నిజం చెప్పేస్తాను చెల్లె, తట్టుకోవడం నా వల్ల కాదు అన్నాను. ఆమె కవరులోంచి పాస్‌పోర్టు జిరాక్సు, చీటీ తీసి తన సంచిలో పెట్టుకుంది.

"చెప్తె నీ బరువు దిగుతది. దిగి గాయన నెత్తిమీద కూసుంటది. రెండేండ్ల ముందుగాల్నే దొరికుంటె ఆపాతోటి మాట్లాడుదును అని బతికినన్ని దినాలు ఏడుస్తడు. గాయనకు ఆపా మిగల్లె. ఆపా ఒక మంచిమనిషి కాడికి పోయేది అన్న మాటన్న మిగలనియ్యి."

మెట్లు దిగుతూ ఆగి, "నిన్ను మాఫ్ చేసిన్నని గాదు" అంది. బస్టాండు వైపు వెళ్లిపోయింది.

అప్పటి నుంచి ఆయన నాకు వాయిస్ మెసేజీలు పంపుతున్నాడు. రొట్టెలు దింపాక, తీరిక దొరికినప్పుడు. బేకరీలో అందరికీ నా గురించి చెప్పాడట. నా ఫొటో ఒకటి అడిగి తీసుకుని గోడకు అంటించుకున్నాడట. వచ్చే నెల సెలవు మీద వస్తున్నాడు. టికెట్ నన్నే చూడమంటే చూసి పెట్టాను. ముందు జగిత్యాలలో కబరస్తాన్‌కు పోతాడట, అక్కణ్నించి సక్కగా సిరిసిల్లకు, నా దుకాణానికి.

నిన్న ఆపా కూతురు ఫోన్ చేసింది. "మామూ అచ్చినప్పుడు గూడ గంతే అన్నా. ఏం చెప్పద్దు" అంది. సరే అన్నాను.

అందుకే ఇందులో ఎవరి పేరూ రాయలేదు. ఆయనకు తెలుగు మాట్లాడడం వస్తుంది గానీ చదవడం రాదు. అది కనుక్కున్నాకే ఇది రాయడానికి కూర్చున్నాను.